శ్రీలంకలో దూరాన్ని గంటల్లో లెక్కేయండి

శ్రీలంక విస్తీర్ణం 65,610 చదరపు కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్‌ను ఐదు భాగాలు చేస్తే అందులో రెండు భాగాలంత. పటం చూడగానే ‘ఇంతేనా, నాలుగు రోజుల్లో చుట్టేయొచ్చు’ అనిపిస్తుంది. ప్యాకేజీలు అమ్మేవాళ్లూ అదే మాట చెబుతారు. కానీ ఆ నాలుగు రోజుల్లో మీరు ఎక్కువగా చూసేది వ్యాన్ కిటికీ.

ఒక మామూలు చుట్టు తీసుకుందాం. కొలంబో నుంచి సిగిరియాకు రోడ్డు మీద 4 గంటలు. అక్కడి నుంచి క్యాండీకి దాదాపు 3. క్యాండీ నుంచి ఎల్లకు రైల్లో 6 నుంచి 7. ఎల్ల నుంచి గాలె తీరానికి 5. గాలె నుంచి ఎక్స్‌ప్రెస్‌వే మీద కొలంబోకు 2. మొత్తం 700 కిలోమీటర్ల పైమాటే, దాదాపు 21 గంటలు పడుతుంది. అంటే గంటకు సుమారు 35 కిలోమీటర్లే. నాలుగు రోజులకు సర్దితే రోజుకు ఐదు గంటలకు పైగా కూర్చోవడమే. వారం పెట్టుకుంటే మూడు గంటలకు దిగుతుంది. పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే వారానికి తక్కువ వద్దు.

రైలు ఎందుకంత నెమ్మది? క్యాండీ సుమారు 500 మీటర్ల ఎత్తులో ఉంది. దారిలోని పట్టిపొల స్టేషన్ 1,892 మీటర్ల ఎత్తులో. అంత ఎత్తుకు తేయాకు తోటల మధ్య మెలికలు తిరుగుతూ ఎక్కాలి మరి. ఈ ప్రయాణంలో నెమ్మదే అందం, తొందరపడి కారెక్కకండి. అయితే వానలకు కొండచరియలు విరిగిపడితే లైను మూసేస్తారు. 2025 నవంబరు చివర దిత్వా తుఫానుకు బాగా దెబ్బతింది కూడా. రైలు ఎంతవరకు నడుస్తోందో కనుక్కున్నాకే హోటల్ బుక్ చేయండి.

స్వెటర్ కావాలా? కావాలి. ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకు ఉష్ణోగ్రత సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది. కొండల్లోని నువర ఎలియ పట్టణం 1,868 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి కొలంబోలో 30 ఉంటే అక్కడ 18, 19 ఉంటుంది. రాత్రికి ఇంకా పడిపోతుంది.

సిగిరియా దగ్గర మోకాళ్ల సంగతి ఆలోచించాలి. 5వ శతాబ్దంలో కాశ్యపుడనే రాజు కోట కట్టుకున్న ఈ రాతిగుట్ట చుట్టూ ఉన్న నేల నుంచి సుమారు 180 మీటర్ల ఎత్తు, 1,200 మెట్లు. లిఫ్టు లేని అరవై అంతస్తుల అపార్ట్‌మెంట్ ఎక్కినట్టే. సగం దాటాక రెండు పెద్ద సింహపు పాదాలు కనిపిస్తాయి. వాటి మధ్య నుంచే దారి. ఆ పైన రాతికి బిగించిన ఇనుప మెట్లు. ఎత్తంటే భయమున్నవాళ్లు పాదాల దగ్గరే ఆగిపోవచ్చు, అప్పటికే అప్సరసల వర్ణచిత్రాలు చూసేసి ఉంటారు. ఎండ ముదరకముందే, గేటు తెరవగానే ఎక్కడం మేలు.

క్యాండీకి మనకూ ఒక బంధుత్వం ఉంది. 1739 నుంచి 1815 వరకు ఆ రాజ్యాన్ని ఏలింది మదురై వైపు నుంచి వచ్చిన, తెలుగు మూలాలున్న నాయక వంశం. ఆఖరి రాజు శ్రీవిక్రమ రాజసింహను ఆంగ్లేయులు వేలూరులో బందీగా ఉంచారు. ఇక క్యాండీలోని దంతధాతు ఆలయంలో బుద్ధుని దంతం కంటికి కనిపించదు, పూజ వేళ బంగారు భరిణె దర్శనమే. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి.

ఇక ఏ నెలలో వెళ్లాలి? ద్వీపానికి రెండు వానాకాలాలు. మే నుంచి సెప్టెంబరు వరకు నైరుతి వాన కొలంబో, గాలె వైపు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఈశాన్య వాన తూర్పున. కాబట్టి సంక్రాంతి సెలవుల్లో దక్షిణ తీరంలోని గాలె, మిరిస్సా బాగుంటాయి. మే సెలవుల్లోనైతే తూర్పు తీరంలోని ట్రింకోమలీ.

చివరగా డబ్బు. వాళ్ల రూపాయి మన రూపాయి కంటే చౌక, కాబట్టి బిల్లులో అంకె చూసి గుండె ఆగనక్కర్లేదు. సిగిరియా లాంటి చోట్ల మాత్రం విదేశీయుల టికెట్ ధర డాలర్లలో ఉంటుంది. సార్క్ దేశాలవాళ్లకు రాయితీ ఉందేమో కౌంటర్‌లో అడగండి, పాస్‌పోర్టు చేతిలో ఉంచుకోండి.