ఆరు పలకలు – లక్షల రణరంగాలు

చదరంగం ఆడనివారు ఉండవచ్చు గాని, చదరంగం బల్లను చూడనివారు మనలో ఉండరు. 64 గళ్ళు. అన్నీ ఒకే కొలత, ఒకే ఎత్తు. ఏనుగును ఆపే కొండ లేదు, గుర్రాన్ని నిలిపే వాగు లేదు. కాని నిజమైన యుద్ధంలో గెలుపోటములను సైనికుల సంఖ్య ఒక్కటే నిర్ణయించదు. గుట్ట ఎవరి చేతిలో ఉంది, వంతెనను ముందు ఎవరు చేరారు, ఎవరి ఫిరంగులు బురదలో కూరుకుపోయాయి అన్నవి కూడా నిర్ణయిస్తాయి. మరి ఆ గుట్టను, ఆ వాగును బల్లమీదికి తెచ్చేదెలా? తెచ్చినా, ప్రతి ఆటకూ కొత్త నేల కావాలంటే ఏం చెయ్యాలి?

బుల్లి సైనికుల బొమ్మలతో బల్లపై యుద్ధక్రీడలు ఆడే అభిరుచి ఐరోపా, అమెరికాలలో బాగా ప్రచారంలో ఉంది. ఆ ఆటగాళ్ళు ఈ ప్రశ్నకు కనుగొన్న జవాబు విడిపలకల నేల. చిన్న చిన్న చదరపు పలకలపై నేలను తయారుచేసి, కావలసిన తీరులో పేర్చుకోవడమన్నమాట. చూడడానికి ఇది బొమ్మల కొలువులా కనిపించినా, దీని వెనుక చక్కని గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం ఉన్నాయి.

చదరంగం నుంచి రణరంగానికి

మన దేశంలో పుట్టిన చతురంగం పర్షియా, అరబ్బు దేశాల మీదుగా ఐరోపా చేరి నేటి చదరంగమైంది. 1780లో జర్మనీలోని బ్రన్స్విక్ నగరానికి చెందిన యోహాన్ హెల్విగ్ అనే గణితవేత్త దానిని విస్తరించాడు. చదరంగం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ గళ్ళున్న బల్లను తీసుకొని, నేల స్వభావాన్ని బట్టి గళ్ళకు వేర్వేరు రంగులు ఇచ్చాడు. నేల కూడా ఆటలో భాగమైంది. అయితే నది గళ్ళు గళ్ళుగా ప్రవహించదు కదా!

ప్రష్యా రాజ్యానికి చెందిన బేరన్ ఫాన్ రైస్విట్జ్ ఈ గళ్ళను తీసివేశాడు. మొదట ఇసుకతో నేల నమూనాను చేసిన ఆయన, 1812లో రాజు మూడవ ఫ్రెడరిక్ విలియంకు ఒక పెద్ద బల్లను సమర్పించాడు. దానిపై పేర్చే పలకల మీద కొండలు, నదులు, దారులు ఉబ్బెత్తుగా చెక్కి ఉండేవి. పలకలను మార్చి పేరిస్తే కొత్త ప్రదేశం తయారయ్యేది. నేటి విడిపలకలకు ఇది తాతవంటిది. 1824లో ఆయన కుమారుడు ఆ పలకలకు బదులు 1:8000 స్కేలు గల కాగితపు పటాలను వాడాడు. పటాలను అచ్చువేసి అందరికీ పంచవచ్చు గనుక ఆ ఆట ప్రష్యా సైనికాధికారుల శిక్షణలో చేరిపోయింది.

బొమ్మలతో ఆడే పద్ధతిని సామాన్యుల ఇళ్ళలోకి తెచ్చినవాడు సుప్రసిద్ధ రచయిత హెచ్.జి. వెల్స్. 1913లో ఆయన ‘లిటిల్ వార్స్’ అనే పుస్తకంలో ఆట నియమాలు రాశాడు. 1962లో బ్రిటన్‌లో డొనాల్డ్ ఫెదర్‌స్టోన్ రాసిన ‘వార్ గేమ్స్’ పుస్తకంతో ఈ అభిరుచి మరింత వ్యాపించింది.

పలకలుగా ఎందుకు చెయ్యాలి?

ఇప్పటి ఆటల్లో తరచుగా వాడే బల్ల 180 సెంటీమీటర్ల పొడవు, 120 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. దీనిని ఒకే ముక్కగా చేస్తే గది గుమ్మంలోంచి తేవడమే కష్టం. 60 సెంటీమీటర్ల చదరపు పలకలుగా చేస్తే ఆరు సరిపోతాయి. ఒకదానిపై ఒకటి పెట్టి బీరువా పక్కన దాచుకోవచ్చు.

అసలు లాభం అది కాదు. ఆరు పలకలను ఆరు స్థానాలలో ఉంచడానికి 6×5×4×3×2×1 = 720 విధానాలున్నాయి. ప్రతి పలకనూ నాలుగు దిక్కులకు తిప్పవచ్చు. కాబట్టి 4ను ఆరుసార్లు హెచ్చించాలి, 4,096 వస్తుంది. రెంటినీ గుణిస్తే 29,49,120. బల్లకు అవతలి వైపు నుంచి చూస్తే ఒకటే అయ్యే అమరికలను మినహాయించాలంటే దానిని సగం చెయ్యాలి. అప్పటికీ 14,74,560 అమరికలు మిగులుతాయి! రోజుకొకటి చొప్పున ఆడినా నాలుగు వేల ఏళ్ళు పడుతుంది. అయితే ఇందుకొక షరతు ఉంది. ఏ పలక పక్కన ఏ పలక పెట్టినా అంచులు అతకాలి.

అంచు ఒక ‘వికటకవి’

విడిపలకల రహస్యమంతా అంచులోనే ఉంది. ఒక పలకపై దారి అంచును ఎడమ మూల నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో తాకుతోందనుకుందాం. అన్ని పలకలకూ ఇదే కొలత పాటిస్తే చాలు కదా అనిపిస్తుంది. కాని చాలదు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడితే ఒకరి ఎడమచేతి ఎదుట మరొకరి కుడిచెయ్యి ఉంటుంది. పలకల సంగతీ అంతే. మొదటి పలకకు ఎడమ అయినది దాని ఎదుటి పలకకు కుడి అవుతుంది. అప్పుడు రెండు దారులు కలవకుండా 20 సెంటీమీటర్ల ఎడంగా ఉండిపోతాయి.

దీనికి ఒకటే ఉపాయం. అంచును ఎడమ నుంచి చూసినా, కుడి నుంచి చూసినా ఒకేలా ఉండాలి. తెనాలి రామకృష్ణుని బిరుదు ‘వికటకవి’ని ఎటునుంచి చదివినా వికటకవే కదా! అలాగన్నమాట. అందుకే దారిగాని, వాగుగాని సరిగ్గా అంచు మధ్యలోంచే, అంటే 30 సెంటీమీటర్ల దగ్గరే బయటికి రావాలి. అంచు ఎత్తు అన్ని పలకలకూ ఒకటే ఉండాలి. పలక మధ్యలో మాత్రం మీ ఇష్టం. గుట్ట పెట్టండి, చెరువు తవ్వండి, దారిని వంకర తిప్పండి.

మొదటి ప్రయత్నానికి మూడు ఖాళీ పలకలు, రెండు తిన్నని దారి పలకలు, ఒక మలుపు పలక చాలు. తిన్నని పలక, మలుపు, మళ్ళీ తిన్నని పలక వరుసగా వస్తే దారి బల్ల ఎడమ అంచులో ప్రవేశించి కింది అంచులో బయటపడుతుంది. దారి అంచు పక్కన ఖాళీ అంచు వస్తే దారి అక్కడే తెగిపోతుంది. అంటే, దారులు చేరగానే ఆ 14 లక్షల అమరికలలో చాలా భాగం పనికిరావు. ఎన్ని పనికివస్తాయో కాగితంపై లెక్కించి చూడండి. మంచి వ్యాయామం!

కొలతలో పొరపాటు పెరిగే తీరు

ఒక్కో పలక కొలతలో ఒక మిల్లీమీటరు తేడా వచ్చిందనుకోండి. ఒక వరుసలో మూడు పలకలూ మిల్లీమీటరు ఎక్కువై, పక్క వరుసలో మూడూ మిల్లీమీటరు తక్కువైతే చివరికి తేడా 6 మిల్లీమీటర్లు. సైనికుల బొమ్మలు 1:72 స్కేలువైతే, అంటే 170 సెంటీమీటర్ల మనిషి సుమారు 24 మిల్లీమీటర్ల బొమ్మ అయితే, ఆ తేడా నిజజీవితంలో 43 సెంటీమీటర్లకు సమానం. బుల్లి సైనికుడికి అది చిన్న కందకమే!

అందుకే మొదటి పలకను చూసి రెండోది, రెండోదాన్ని చూసి మూడోది కొయ్యకూడదు. నకలుకు నకలు తీసినకొద్దీ తప్పు పెరుగుతుంది. గట్టి అట్టతోగాని, ప్లైవుడ్‌తోగాని ఒక అచ్చు తయారుచేసి, ఆరింటినీ దాని ప్రకారమే కొయ్యాలి. నాలుగు భుజాలూ సమానమైనంత మాత్రాన అది చదరం కాదు. రెండు కర్ణాలు కూడా సమానంగా, సుమారు 84.9 సెంటీమీటర్లు ఉండాలి.

ఏ పదార్థం మేలు?

60 సెంటీమీటర్ల చదరం, 5 సెంటీమీటర్ల మందం ఉన్న పలక ఘనపరిమాణం 18 లీటర్లు. దీనిని ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో పోతపోస్తే సుమారు 20 కిలోలు తూగుతుంది. ఘనపు మీటరుకు 30 కిలోల సాంద్రత ఉన్న పాలీస్టైరీన్ ఫోమ్‌తో చేస్తే 540 గ్రాములే. టీవీ పెట్టెల్లో వచ్చే థర్మోకోల్ ఈ కుటుంబానిదే. దానిలో అత్యధిక భాగం గాలి. అయితే థర్మోకోల్‌ను కోస్తే పూసలు పూసలుగా రాలుతుంది. భవనాల పైకప్పుల్లో వేడిని అడ్డుకోవడానికి పరిచే గట్టి ఫోమ్ పలకలు నున్నగా తెగుతాయి.

పాలీస్టైరీన్ సుమారు 100 డిగ్రీల సెల్సియస్ వద్ద మెత్తబడుతుంది. అందుకే వేడిచేసిన నైక్రోమ్ తీగ దానిని వెన్నలా కోస్తుంది. తీగను బ్యాటరీతోనే, పెద్దల సమక్షంలోనే వేడిచెయ్యాలి. ఇంటి కరెంటుకు ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకూడదు. తీగ ఎర్రబడితే వేడి ఎక్కువైనట్లే. అప్పుడు వెలువడే ఆవిరి ఆరోగ్యానికి హానికరం. కిటికీలు తెరిచి పనిచెయ్యండి. పదునైన చాకుతో కోసినా పని జరుగుతుంది.

జిగురు విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఎసిటోన్, టోలీన్ వంటి ద్రావణులు పాలీస్టైరీన్‌ను కరిగిస్తాయి. అవి ఉన్న జిగురు పూసినా, స్ప్రే పెయింటు కొట్టినా మీ కొండ కళ్ళముందే గుంటగా మారుతుంది! నీటితో కలిసే తెల్లజిగురు, నీటి రంగులే వాడాలి.

పలక ఎందుకు వంగుతుంది?

కొత్తవారిని నిరాశపరిచే సమస్య ఇది. పైభాగాన జిగురు పూసి ఇసుక చల్లుతారు. మర్నాటికి పలక అంచులు పైకి లేచి పళ్ళెంలా తయారవుతుంది. జిగురులోని నీరు ఆవిరై పైపొర కుంచించుకుపోతుంది, కిందిభాగం మారదు. వేడిచేసిన ద్విలోహపు పట్టీ వంగడానికి కారణమేమిటో పాఠాల్లో చదివారు కదా, సూత్రం అదే. వెనుకవైపు కూడా అంతే జిగురు పూస్తే రెండు లాగుళ్ళూ సమానమవుతాయి. ఒకేసారి దట్టంగా కాక, పలుచని పూతలుగా వేసి, ఆరేదాకా ఆగడం మరీ మంచిది.

చివరగా రంగు. ముందు ముదురు మట్టిరంగు వేసి, ఆరాక దాదాపు పొడిగా ఉన్న కుంచెతో లేతరంగు పైపైన రాయాలి. ఎత్తయిన చోట్లే రంగు అంటుకుంటుంది. పల్లాలు ముదురుగానే ఉంటాయి. చిన్న నమూనాపై సరిగా పడని వెలుగునీడలను ఇలా మనమే సమకూరుస్తామన్నమాట.

ఈ పద్ధతికి ఒక పరిమితి

అన్ని అంచులూ ఒకే ఎత్తు కావాలన్నాం. కాబట్టి ప్రతి 60 సెంటీమీటర్లకూ నేల మళ్ళీ అదే మట్టానికి దిగిరావాలి. పొడవైన కొండల వరుసను, బల్ల ఒక కొస నుంచి మరో కొసకు దిగే లోయను ఇలా చూపలేం. ఇందుకు విడిగా చేసిన కొండలను అతుకుల మీదుగా పెడతారు. ఒక నిజమైన ప్రదేశాన్ని ఉన్నదున్నట్లు చూపాలంటే పలకల కంటే పటమే నయం. స్వేచ్ఛగా మార్చుకునే వీలు కావాలంటే కొంత నిజాన్ని వదులుకోక తప్పదు. శాస్త్రంలో వాడే ప్రతి నమూనాకూ ఈ మాట వర్తిస్తుంది.

యుద్ధం బొమ్మలతోనే జరిగితే మనుషులు చావరు కదా అని వెల్స్ తన పుస్తకంలో వాదించాడు. ఆ మరుసటి ఏడాదే, 1914లో, మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. అదే ప్రష్యా అధికారులు ఈ ఆటను యుద్ధానికి సాధనగా వాడారు. ఒకే పలక అటు ఆటకూ, ఇటు యుద్ధానికీ పనికివచ్చింది. మీరు చేసే పలకలపై సైనికులే ఉండాలని నియమమేమీ లేదు. వాగు పలకలో నీరు పోసి, ఏ గుడిసెలు ముందు మునుగుతాయో చూడండి. ఫోమ్‌ను మెట్లు మెట్లుగా పేర్చి గుట్ట కట్టి, పైనుంచి చూడండి. భూగోళ పాఠంలోని సమోన్నత రేఖలు ఎదుటే కనిపిస్తాయి. అచ్చు కోసేటప్పుడు మాత్రం తొందరపడకండి!