మీకు తెలుసా? బందరు ఉప్పెన తేదీ 32 బిట్లలో పట్టదు

యాప్ డేటాబేస్‌లో తేదీ చాలాసార్లు ఒట్టి అంకెగానే ఉంటుంది: 1970 జనవరి 1 గ్రీనిచ్ అర్ధరాత్రి నుంచి గడిచిన సెకన్లు. దివిసీమను ఉప్పెన ముంచిన 1977 నవంబరు 19, మన గడియారం ప్రకారం అర్ధరాత్రి 12 గంటలకు మొదలైన క్షణం 248725800. కోడ్ దాన్ని గ్రీనిచ్ సమయంలోనే చూపిస్తే నవంబరు 18 సాయంత్రం 6.30 అని పడుతుంది. వేల ప్రాణాలు పోయిన రోజు తేదీ మారిపోవడం చిన్న విషయం కాదు; అందుకే 'ఆసియా/కోల్‌కతా' అని కోడ్‌లో స్పష్టంగా రాయాలి. జావా డేట్‌కు మిల్లీసెకన్లు కావాలి. వెయ్యితో గుణించకపోతే అదే అంకె 1970 జనవరి 4 తెల్లవారుజాము అవుతుంది.

ఇక 1864 నవంబరు 1 రాత్రి బందరును ముంచిన ఉప్పెన 1970కి ముందుది కాబట్టి దాని అంకె మైనస్‌లో వస్తుంది. 32 బిట్ల లెక్క వెనక్కి 1901 డిసెంబరు 13 వరకే వెళ్తుంది. అందుకే బందరు ఉప్పెన తేదీకి 64 బిట్లు ఉండాల్సిందే.