సీసీ చూసి రంపం కొనవచ్చా?

పెట్రోలుతో నడిచే గొలుసు రంపాలు అమ్మే దుకాణంలో కాసేపు నిలబడి చూడండి. కొనడానికి వచ్చిన రైతు మొదట అడిగేది ఒకటే: "ఇది ఎన్ని సీసీ?" దుకాణదారు "యాభై ఎనిమిది" అంటాడు. పక్కనే ఉన్న మరో రంపం యాభై సీసీయే. ధర మాత్రం మూడు నాలుగు రెట్లు! తక్కువ సీసీకి ఎక్కువ డబ్బు ఎందుకు ఇవ్వాలో ఆ రైతుకు అంతు పట్టదు. సైన్సు చదువుకుంటున్న మీరు ఆయనకు సాయపడగలరేమో చూద్దాం.

ఈ రంపం మీకు కొత్తది కాదు. సరుగుడు, జామాయిల్, సుబాబుల్ తోటలు నరికేచోట దాని రొద మైలు దూరం వినిపిస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు రోడ్లకు అడ్డంగా కూలిన చెట్లను ఇలాంటి రంపాలతోనే కోసి తొలగించారు. బల్లపరుపుగా ఉండే పొడవాటి ఉక్కు బద్దె, దాని అంచు చుట్టూ పరుగెత్తే పళ్ల గొలుసు, గొలుసును లాగే చిన్న ఇంజను. స్థూలంగా యంత్రమంతా ఇంతే.

సీసీ అంటే ఘన సెంటీమీటరు. ఇంజను సిలిండరులో ముషలకం, అంటే పిస్టన్, కింది నుంచి పైకి కదిలినప్పుడు అది ఊడ్చే ఘనపరిమాణం అన్నమాట. స్థూపం ఘనపరిమాణం కనుక్కోవడం మీకు వచ్చు కదా! రంపంతో పాటు ఇచ్చే చిన్న పుస్తకంలో సిలిండరు వ్యాసం 45.2 మిల్లీమీటర్లు, పిస్టన్ కదిలే దూరం 34 మిల్లీమీటర్లు అని ఉందనుకోండి. వ్యాసార్ధం 2.26 సెంటీమీటర్లు. దాని వర్గాన్ని 3.14తోనూ 3.4తోనూ గుణించండి. సుమారు 54.5 వస్తుంది. అట్ట పెట్టె మీద 58 అని అచ్చువేసి ఉంటే, ఆ మూడున్నర సీసీ ఎక్కడికి పోయాయని దుకాణదారును ధైర్యంగా అడగవచ్చు.

అసలు సంగతి ఇంకా ముందుంది. సీసీ సరిగ్గా రాసినా అది సామర్థ్యాన్ని చెప్పదు. వంటగిన్నె ఎంత పెద్దదో తెలిసినంత మాత్రాన పూటకు ఎంతమంది భోంచేశారో చెప్పగలమా? గిన్నె ఎంత నింపారో, ఎన్నిసార్లు పొయ్యి మీద పెట్టారో కూడా తెలియాలి. స్వీడన్ దేశపు హస్క్వర్నా కంపెనీ రంపాలు రెండింటిని తీసుకుందాం. 450 అనే రకం ఇంజను 50.2 సీసీ. 550 ఎక్స్‌పీ మార్క్ టూ అనే రకం 50.1 సీసీ. గిన్నెలు రెండూ సమానమే. కాని మొదటిదాని సామర్థ్యం 2.4 కిలోవాట్లు, రెండోదానిది 3 కిలోవాట్లు. నాలుగో వంతు ఎక్కువ!

ఈ తేడా ఎలా వచ్చింది? తిరిగే యంత్రం సామర్థ్యం రెండింటి లబ్ధం: తిప్పే బలం, అంటే టార్క్, ఒకటి, తిరిగే వేగం రెండోది. 450 రకం తన పూర్తి సామర్థ్యాన్ని నిమిషానికి 9,000 చుట్ల దగ్గర చూపుతుంది. 550 రకం 10,200 చుట్ల దగ్గర చూపుతుంది. పెద్ద తరగతుల వారు లెక్కవేస్తే టార్క్ మొదటిదానిలో సుమారు 2.5, రెండోదానిలో 2.8 న్యూటన్ మీటర్లు వస్తుంది. అంటే రెండోది కొంచెం గట్టిగానూ తిప్పుతుంది, కొంచెం వేగంగానూ తిప్పుతుంది. రెండు "కొంచెం"లు గుణకారంలో కలిసి ఆ నాలుగో వంతు అయ్యాయి.

కనుక రైతు అడగవలసిన ప్రశ్న "ఎన్ని కిలోవాట్లు?" అని. దాని వెంటనే "ఎన్ని కిలోలు?" అని కూడా అడగాలి, ఎందుకంటే ఈ యంత్రాన్ని మోసేది నేల కాదు, మనిషి చేతులు. 1929లో జర్మనీకి చెందిన ఆండ్రియాస్ స్టిల్ తయారుచేసిన పెట్రోలు రంపం 6 అశ్వశక్తులది, అంటే సుమారు 4.4 కిలోవాట్లు. బరువు 46 కిలోలు! ఇద్దరు మనుషులు చెరో కొస పట్టుకుంటే గాని పని సాగేది కాదు. అదే కంపెనీ ఈ కాలంలో తెచ్చిన ఎంఎస్ 462 రకం సామర్థ్యం కూడా సరిగ్గా 4.4 కిలోవాట్లే. బద్దె, గొలుసు కాకుండా దాని బరువు 6 కిలోలు. ఒక్కో కిలోకు ఎన్ని వాట్లో రెండింటికీ మీరే భాగించి చూడండి.

ఇంత తేలికైన ఇంజను ఎలా సాధ్యమైంది? ఇది రెండు ఘాతాల ఇంజను కావడం ముఖ్య కారణం. నేటి మోటారు సైకిళ్లలోని నాలుగు ఘాతాల ఇంజను రెండు చుట్లకు ఒకసారి ఇంధనాన్ని మండిస్తే, ఇది ప్రతి చుట్టుకూ మండిస్తుంది. కవాటాలు లేవు, అడుగున నూనె తొట్టీ లేదు. నూనెను పెట్రోలులోనే కలిపేస్తారు. చాలా రంపాలకు లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్లు, అంటే 50కి 1 పాళ్లలో. తొట్టి లేదు కాబట్టి రంపాన్ని పక్కకు వంచినా, తలకిందులు చేసినా ఇంజను ఆగదు.

అయితే ఈ ఇంజనుకు ఒక జబ్బు ఉంది. కొత్త ఇంధన మిశ్రమం లోపలికి వచ్చేటప్పుడు పొగ పోయే ద్వారం తెరిచే ఉంటుంది. అందుచేత కొంత పెట్రోలు మండకుండానే పొగతో పాటు బయటికి జారిపోతుంది. గాలి చెడుతుంది, డబ్బూ పోతుంది. కొత్తరకం ఇంజన్లలో ముందు వట్టి గాలిని పంపి, దానితో పాత పొగను తోసేసి, ఆ వెనుక ఇంధనాన్ని పంపుతారు. దీనివల్ల 20 శాతం దాకా పెట్రోలు ఆదా అవుతుందని తయారీదారులు చెబుతారు.

ఇప్పుడు డబ్బు లెక్కకు వద్దాం. అంకెలు లెక్క కోసం అనుకున్నవే సుమా! చౌక రంపం 8 వేలు, ఖరీదైనది 32 వేలు. రెండూ పనిలో సగటున 2 కిలోవాట్లు ఇస్తాయి. చౌకది ఒక కిలోవాట్ గంటకు అర కిలో పెట్రోలు తాగుతుందనుకుంటే గంటకు ఒక కిలో, అంటే సుమారు 1.35 లీటర్లు. లీటరు 110 రూపాయల చొప్పున గంటకు 148 రూపాయలు. ఖరీదైన రంపం అందులో 20 శాతం మిగిల్చితే గంటకు దాదాపు 30 రూపాయల ఆదా.

కూలికి చెట్లు కోసే మేస్త్రి ఏడాదికి 500 గంటలు రంపం పట్టాడంటే 15,000 రూపాయలు మిగులుతాయి. ధరలో తేడా 24,000. ఏడాదిన్నర దాటగానే అది తిరిగి వచ్చేస్తుంది, ఆ పైన అంతా లాభమే. అదే తన పొలం గట్టు మీది తుమ్మలు కోసుకోవడానికి ఏడాదికి 15 గంటలు మాత్రమే వాడే రైతుకు మిగిలేది 450 రూపాయలు. ఆ 24,000 రాబట్టుకోవడానికి ఆయనకు 53 సంవత్సరాలు పడుతుంది! ఒకే రంపం ఒకరికి చౌక, ఒకరికి దండగ. "ఏ రంపం మంచిది?" అని ఎవరైనా అడిగితే "ఏడాదికి ఎన్ని గంటలు కోస్తారు?" అని ఎదురు ప్రశ్న వేయండి. చెడిన భాగాలు దగ్గరి పట్టణంలో దొరుకుతాయా అన్నదీ చూసుకోవాలి. దొరకకపోతే పై లెక్కంతా వృథా.

చౌక రంపమైనా, ఖరీదైన రంపమైనా ఒక్క విషయంలో బేరం పనికిరాదు. గొలుసును లాగే చక్రం ఒకసారి తిరిగితే గొలుసు సుమారు 13.3 సెంటీమీటర్లు జరుగుతుందనుకోండి. నిమిషానికి 10,000 చుట్లంటే గొలుసు వేగం గంటకు 80 కిలోమీటర్లు! ఆ వేగంలో బద్దె కొసన పైభాగం కొమ్మకు తగిలి పన్ను ఇరుక్కుంటే ఏమవుతుంది? న్యూటన్ మూడో నియమం చదివారుగా. కొయ్య కదలదు కనుక బద్దే పైకి లేచి, రెప్పపాటులో కోసేవాని ముఖం వైపు వస్తుంది. మంచి రంపాల్లో ముందు పిడి ఎదుట ఒక చేతికాపు ఉంటుంది. అది ముందుకు ఒరిగితే చాలు, గొలుసు తటాలున ఆగిపోతుంది. చేయి తగలకపోయినా, రంపం ఎగిరిన ఊపుకు జడత్వం వల్ల దానంతట అదే ఒరిగేలా అమర్చుతారు. ఈ బ్రేకు లేని రంపం ఊరికే ఇచ్చినా తీసుకోకూడదు.

చెవుల సంగతి కూడా చెప్పాలి. కోసేవాని చెవి దగ్గర శబ్దం 100 డెసిబెల్స్ దాటుతుంది. 85 డెసిబెల్స్‌ను ఎనిమిది గంటలు భరించవచ్చనీ, ఆపైన పెరిగే ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ వ్యవధి సగమవుతుందనీ అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సూచించింది. ఆ లెక్కన 100 డెసిబెల్స్‌కు పావుగంటే! అందుకే చెవులకు కాపు పెట్టుకోవాలి. ఇక పిడుల అదురు ఏళ్ల తరబడి చేతులకు తగిలితే వేళ్లకు రక్తం సరిగా అందక అవి తెల్లబడే జబ్బు వస్తుంది. పిడికీ ఇంజనుకూ మధ్య స్ప్రింగులు గాని రబ్బరు దిమ్మలు గాని ఉన్నాయో లేదో చూడాలి.

ఇన్ని చూసి కొన్నా, చివరికి కొయ్యను కోసేది పన్ను. పాతకాలపు గొలుసుల పళ్లు కొయ్యను గీకేవి, ఊరికే మొద్దుబారేవి. 1946లో అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో జోసెఫ్ కాక్స్ అనే రంపపు పనివాడు ఒక మొద్దులో పెంకుపురుగు డింభకాన్ని చూశాడు. ఆ పురుగు తన వంకర దవడలను అటూ ఇటూ ఆడిస్తూ పచ్చి కొయ్యను సునాయాసంగా తొలుచుకుపోతోంది. ఆ దవడల ఆకారంలోనే అతడు కుడికొకటి, ఎడమకొకటిగా పళ్లు పెట్టి గొలుసు చేశాడు. నేటి గొలుసులు చాలావరకు ఆ వంశానివే.

మొద్దుబారిన గొలుసుతో 3 కిలోవాట్ల రంపం కంటే, పదునైన గొలుసుతో 2 కిలోవాట్ల రంపమే ముందు కోత పూర్తిచేయగలదు. పళ్లకు గుండ్రని ఆకురాయితో పదును పెడతారు. పదును ఉందో లేదో మీరు దూరంగా నిలబడే చెప్పవచ్చు, రంపాన్ని ముట్టుకోనక్కరలేదు. కోత నుంచి రాలేది చూడండి. చిన్న చిన్న పేళ్లు రాలుతుంటే పళ్లు బాగున్నాయి. పిండిలాంటి పొట్టు రాలుతూ, కోత దగ్గర పొగ లేస్తుంటే ఇంజను సామర్థ్యంలో ఎక్కువ భాగం ఘర్షణవల్ల వేడిగా మారిపోతోందని అర్థం.