చిగుళ్ల నుంచి రక్తమా? 'వేడి చేసింది' అని వదిలేయొద్దు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు పంటి సమస్య అనగానే అందరికీ ముందు గుర్తొచ్చేది ఫ్లోరైడ్. ఉమ్మడి నల్లగొండ జిల్లా కదా, సహజమే. కానీ ఫ్లోరైడ్‌తో వచ్చేవి పళ్ల మీద పసుపు, గోధుమ రంగు మచ్చలు. బ్రష్ చేస్తుంటే రక్తం వస్తోందంటే అది వేరే కథ, చిగుళ్ల జబ్బు. చాలా ఇళ్లల్లో 'వేడి చేసింది' అని మజ్జిగ తాగి ఊరుకుంటారు.

అసలు జరిగేది ఏమిటంటే, పళ్ల మొదళ్లలో పేరుకున్న పాచి నిండా బ్యాక్టీరియా ఉంటుంది. దాన్ని చంపడానికి ఒంట్లోని రక్షణ కణాలు నైట్రిక్ ఆక్సైడ్ అనే గ్యాస్‌ను తయారు చేస్తాయి. అవును, బండ్ల పొగలో ఉండేదే! మామూలు రోజుల్లో ఇది కొద్దికొద్దిగా తయారై రక్తనాళాలను వదులు చేస్తుంది. ఆ సంగతి కనిపెట్టినందుకే 1998లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ అనే ముగ్గురు అమెరికా శాస్త్రవేత్తలకు నోబెల్ వచ్చింది.

చిక్కంతా మోతాదు దగ్గరే. పాచి పోనంత కాలం గ్యాస్ తయారవుతూనే ఉంటుంది. ఎక్కువైతే అది సూపర్ఆక్సైడ్‌తో కలిసి పెరాక్సీనైట్రైట్‌గా మారుతుంది. దానికి బ్యాక్టీరియా, మన చిగురు అనే తేడా తెలియదు. వాపు ఏళ్ల తరబడి ఉంటే పన్నును పట్టుకున్న ఎముక కూడా కరుగుతుంది.

కాబట్టి తీయాల్సింది పాచిని. అది గట్టిపడి గార అయితే బ్రష్‌తో రాదు, డెంటిస్టు దగ్గర క్లీనింగ్ చేయించాల్సిందే. 'క్లీనింగ్ చేస్తే పళ్లు కదులుతాయట' అనే మాట మన దగ్గర బాగా నడుస్తుంది. ఎముక అప్పటికే కరిగిపోయి ఉంటుంది, గార పోయాక ఆ కదలిక బయటపడుతుంది, అంతే.

రక్తం వచ్చే చోట బ్రష్ మానేస్తే పాచి ఇంకా పెరుగుతుంది. మిస్వాక్ వాడేవాళ్లు కొస బాగా నమిలి మెత్తగా చేసుకోవాలి, పళ్ల లోపలి వైపు కూడా తోమాలి. సిగరెట్ తాగేవాళ్లకు రక్తం తక్కువగా వస్తుంది. అంటే చిగుళ్లు బాగున్నాయని కాదు, జబ్బు దాక్కుందని. షుగర్ ఉన్న అబ్బా, దాదీల విషయంలో ఇంకా జాగ్రత్త. షుగర్ పెరిగితే చిగుళ్లు చెడతాయి, చిగుళ్లు చెడితే షుగర్ అదుపులోకి రాదు.

ఇక ఘాటు మౌత్‌వాష్. పాలకూర, తోటకూర, బీట్‌రూట్‌లలోని నైట్రేట్‌ను నాలుక మీది మంచి బ్యాక్టీరియా మార్చి, ఒంటికి కావాల్సిన నైట్రిక్ ఆక్సైడ్‌కు దారి వేస్తుంది. రోజూ పుక్కిలిస్తే అదీ చస్తుంది. డాక్టరు రాసినన్ని రోజులే వాడండి.