షేల్ వాయు బావి: ఉత్పత్తి అంచనా

కుసుమంచి ప్రాంతపు రాతినేలలో బోరు వేయించిన రైతుకు తెలుసు: పగులు తగిలితేనే నీరు పడుతుంది. షేల్ శిలలోని సహజ వాయువు సంగతీ అంతే. అయితే అక్కడ పగుళ్లు మనమే కల్పించాలి. నీరు, ఇసుకల మిశ్రమాన్ని అధిక పీడనంతో పంపి శిలను చీల్చడమే హైడ్రాలిక్ ఫ్రాక్చరింగ్. మన కృష్ణా-గోదావరి బేసిన్‌లో కొమ్ముగూడెం, రాఘవాపురం షేల్ పొరలు ఇటువంటి వాయువు దొరికే అవకాశమున్నవి.

ఇటువంటి బావి ఎంత వాయువు ఇస్తుందో ఎలా అంచనా వేస్తారు?

మొదటి దశ: రెండు సమాంతర పగుళ్ల మధ్యనున్న శిలను ఊహించుకోండి. ముందు పగుళ్ల పక్కనున్న వాయువు వస్తుంది. తరువాతది అంతకంతకు దూరం నుంచి రావాలి. అందువల్ల ఉత్పత్తి రేటు కాలపు వర్గమూలానికి విలోమానుపాతంలోనూ, మొత్తం ఉత్పత్తి అదే వర్గమూలానికి అనులోమానుపాతంలోనూ ఉంటాయి. మొదటి ఏడాది 100 యూనిట్లు వస్తే, 4 ఏళ్లకు మొత్తం 200, 9 ఏళ్లకు 300.

రెండో దశ: రెండు పగుళ్ల ప్రభావం మధ్యలో కలుసుకున్నాక పై నియమం చెల్లదు. రేటు ఘాతీయంగా పడిపోతుంది. పై ఉదాహరణలో 4వ ఏటనే ఇలా జరిగితే 9 ఏళ్లకు 300 యూనిట్లు రావు. తొలి ఏడాది లెక్కనే చివరిదాకా పొడిగించి పెట్టుబడి పెట్టేవారు నష్టపోయేది ఇక్కడే. ఈ దశ మొదలయ్యే కాలం పగుళ్ల మధ్య దూరపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది.

అమెరికాలోని బార్నెట్ షేల్‌లో వేల బావుల ఉత్పత్తి ఈ నమూనాను అనుసరిస్తున్నదని పాట్జెక్, మేల్, మార్డర్ 2013లో చూపారు.

మీ అవగాహనను సరిచూసుకోండి: పగుళ్ల మధ్య దూరాన్ని సగానికి తగ్గిస్తే రెండో దశ ఎప్పుడు మొదలవుతుంది?

జవాబు: నాలుగో వంతు కాలానికే.