ఉక్కుపాత్రకూ వయస్సుంటుంది

వంటయింట ప్రెషర్ కుక్కరు ఈల వేయగానే మనం పొయ్యి మంట తగ్గిస్తాం. లోపలి ఆవిరి తన హద్దుకు చేరిందనీ, ఆ హద్దు మీరకుండా కొంత వెలుపలికి పోతున్నదనీ ఆ ఈల మనకు తెలుపుతుంది. ఒకవేళ ఈల వేసే మార్గం మూసుకొనిపోతే, ఆపద రాకుండా కాపాడటానికి మూతకు మరొక సేఫ్టీ వాల్వు కూడా అమర్చి ఉంటుంది. ఈ ఏర్పాటు నేటిది కాదు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు డెనిస్ పాపిన్ 1679లో లండను నగరంలో, ఎముకలను సైతం మెత్తగా ఉడికించగల ఆవిరిపాత్రను ప్రదర్శించాడు. అధిక పీడనం వలన అది పగిలిపోకుండా ఒక వాల్వును కూడా ఆయన రూపొందించాడు. ఆవిరిని బంధించదలచినవాడు దానికొక దారిని కూడా విడిచిపెట్టాలన్న వివేకం ఆనాడే ఉదయించింది.

వంటయింటి కుక్కరుకు పెద్దన్నల వంటి పాత్రలు పరిశ్రమలలో కోకొల్లలు. చక్కెర మిల్లులోని బాయిలరు, ఎరువుల కర్మాగారంలోని రసాయనపాత్ర, వంటగ్యాసును నిలువచేసే మహాగోళం, సంపీడిత వాయువును దాచే ట్యాంకు మొదలైనవన్నీ ఈ కోవలోనివే. వీటిని పీడన పాత్రలంటారు. వీటి లోపల పీడనం వాతావరణ పీడనానికి అనేక రెట్లు ఉంటుంది. గోడ నిలిచినంతకాలం ఆ శక్తి మనకు సేవకురాలు. గోడ చీలిన మరుక్షణం అదే మృత్యువు.

ఈ సత్యాన్ని లోకం భారీ మూల్యం చెల్లించి నేర్చుకొన్నది. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో బ్రాక్టన్ అనే పట్టణం ఉన్నది. అక్కడి గ్రోవర్ పాదరక్షల కర్మాగారంలో 1905 మార్చి 20వ తేదీ ఉదయం ఒక పాత బాయిలరు పేలిపోయింది. కొత్త బాయిలరుకు విశ్రాంతినిచ్చి, ఆనాడు ఆ పాతదానిని వెలిగించారు. అది పైకప్పును చీల్చుకొని ఎగిరిపోయింది. నాలుగంతస్తుల కొయ్య కట్టడం కుప్పకూలి మంటలలో చిక్కుకొన్నది. 58 మంది శ్రామికులు ప్రాణాలు కోల్పోయారు. రెండు రేకులను ఒకదానిపై ఒకటి కప్పి బిగించిన అతుకులో, కంటికి కానరాని పగులు ఈ ఘోరానికి కారణమని భావించారు. 1907లో ఆ రాష్ట్రం బాయిలర్లకు కట్టుదిట్టమైన చట్టం చేసింది. అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం 1914లో సిద్ధం చేసిన బాయిలరు నియమావళికి అది దారిచూపింది. ఎప్పటికప్పుడు సంస్కరింపబడుతూ ఆ నియమావళి నేటికీ అనేక దేశాలలో ప్రామాణికంగా ఉన్నది.

ఈ నియమావళికి ప్రాణం గణితం. స్తూపాకారపు పాత్రలో పీడనం గోడను చుట్టుకొలత వెంబడి లాగే బలం, నిడివి వెంబడి లాగే బలానికి రెండింతలుంటుంది. కాబట్టి అటువంటి పాత్ర సాధారణంగా నిలువునా చీలుతుంది. గోడకు ఎంత మందం కావాలో లెక్కించేటప్పుడు నాలుగు విషయాలను గమనిస్తారు: లోపలి పీడనం, పాత్ర వ్యాసార్ధం, లోహం భరించదగిన ప్రతిబలం, అతుకు నాణ్యతను తెలిపే గుణకం. పీడనం గాని, వ్యాసార్ధం గాని పెరిగితే మందం పెరగాలి. లోహం బలమైనదైతే మందం తగ్గవచ్చు. అతుకును ఎక్స్ కిరణాలతో పూర్తిగా పరీక్షిస్తే గుణకం 1. కొన్ని చోట్ల మాత్రమే పరీక్షిస్తే 0.85. అనగా, పరీక్షించని అతుకును పూర్తిగా నమ్మరాదన్న నీతిని ఇంజనీర్లు ఒక అంకెగా మార్చి లెక్కలో చేర్చారన్నమాట.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక ఉక్కుపాత్ర లోపలి వ్యాసార్ధం 600 మిల్లీమీటర్లు. దానిలో పీడనం 1.5 మెగాపాస్కళ్లు, అనగా వాతావరణ పీడనానికి సుమారు 15 రెట్లు. ఆ ఉక్కు తెగిపోయే ప్రతిబలం 485 మెగాపాస్కళ్లు. అయినా దానిని 3.5తో భాగించి, 138 మెగాపాస్కళ్లకు మించి భారం మోపరాదని నియమం. అతుకు గుణకం 0.85 అనుకొంటే, లెక్క ప్రకారం గోడకు కావలసిన కనీస మందం సుమారు 7.8 మిల్లీమీటర్లు. భవిష్యత్తులో తుప్పు తినివేయగల భాగంగా మరో 3 మిల్లీమీటర్లు కలిపితే 10.8. అందుచేత 12 మిల్లీమీటర్ల రేకుతో పాత్రను నిర్మించారు. దానిపై బిగించిన ఫలకం మీద గరిష్ఠ పీడనం 1.5 అని చెక్కారు.

పదిహేనేళ్లు గడిచాయి. అతిధ్వని తరంగాలతో గోడను కొలవగా, మిక్కిలి పలుచబడిన చోట మందం 9 మిల్లీమీటర్లే ఉన్నది. అనగా ఏటా 0.2 మిల్లీమీటరు చొప్పున తరిగిపోయింది. అవసరమైన 7.8 పోగా మిగిలిన ఆస్తి 1.2 మాత్రమే. ఈ లెక్కన పాత పీడనంతో పాత్రకు మిగిలిన ఆయుర్దాయం 6 సంవత్సరాలు. ఫలకం మీది అంకె మాత్రం చెక్కుచెదరలేదు. లోహం మారింది గాని, అక్షరం మారలేదు. ప్రమాదం పొంచి ఉండేది ఈ రెండింటి నడుమనే.

ఇట్టి స్థితిలో పాత్రను మార్చవచ్చు, మరమ్మతు చేయవచ్చు, లేదా దాని సామర్థ్యాన్ని మరల నిర్ణయించవచ్చు. ఈ పునర్నిర్ణయాన్నే ఇంజనీర్లు రీరేటింగు అంటారు. ఇంకొక పదేళ్లు పాత్రను వాడదలచితే, అప్పటికి మరో 2 మిల్లీమీటర్లు తరిగి 7 మిగులుతుంది. ఆ మందానికి లెక్కకట్టగా సుమారు 1.35 మెగాపాస్కళ్లు వస్తుంది. కనుక గరిష్ఠ పీడనాన్ని 1.3కు తగ్గించడం క్షేమకరం. అయితే గోడను మాత్రమే లెక్కిస్తే చాలదు. మూతలు, గొట్టాలు కలిసే రంధ్రాలు, ఫ్లాంజీలు వంటి ప్రతి భాగాన్నీ లెక్కించి, అన్నిటిలో బలహీనమైనదానినే పాత్ర బలంగా స్వీకరించాలి. సేఫ్టీ వాల్వును కొత్త హద్దుకు తగినట్లు సరిచేయాలి. కొత్త ఫలకం బిగించాలి. వాల్వును పాత 1.5 వద్దనే ఉంచి, కాగితం మీద 1.3 అని వ్రాసుకొంటే ఆ లెక్కంతా బూడిదలో పోసిన పన్నీరే. అంతటితో తనిఖీ ముగియదు. మిగిలిన ఆయువులో సగం గడిచేలోగా మరల కొలవాలి. తుప్పు ఎల్లప్పుడూ ఒకే వేగంతో తినదు గదా!

కొన్ని సందర్భాలలో పీడనాన్ని పెంచడానికి కూడా రీరేటింగు చేస్తారు. ఉత్పత్తి పెరగాలన్న కోరిక అందుకు చాలదు. లెక్క ఒప్పుకోవాలి, నియమావళి కోరినచోట పీడన పరీక్షలో పాత్ర నిలవాలి. ఆ పరీక్షను సాధారణంగా నీటితో చేస్తారు. నీరు దాదాపుగా సంపీడనం చెందదు. అందువలన పాత్ర చీలినా పెద్ద విస్ఫోటనం కలుగదు. గాలిని కుదించి నింపితే అది చుట్టిన స్ప్రింగువలె శక్తిని దాచుకొని, చీలిన వెంటనే విరుచుకొనిపడుతుంది.

మన దేశానికి కూడా ఇట్టి అనుభవమే ఉన్నది. 1863లో కలకత్తాలో బాయిలరు పేలి పలువురు మరణించగా, మరుసటి ఏడు బెంగాలులో తనిఖీ చట్టం వచ్చింది. దేశానికంతటికీ 1923లో బాయిలర్ల చట్టం ఏర్పడింది. దాని స్థానంలో 2025లో కొత్త చట్టం వచ్చింది. ఎంత పీడనం వరకు వాడవచ్చునో తెలిపే ధ్రువపత్రం లేనిదే బాయిలరును నడపరాదన్నది ఈ చట్టాల సారాంశం. ఇంటికి వచ్చే గ్యాసు సిలిండరు పైభాగాన కూడా ఇట్టి గడువే వ్రాసి ఉంటుంది. ఏ, బీ, సీ, డీ అనే అక్షరాలు వరుసగా సంవత్సరంలోని నాలుగు త్రైమాసికాలను, పక్కనున్న అంకె సంవత్సరాన్ని సూచిస్తాయి. ఆ గడువు దాటిన సిలిండరును మరల పరీక్షించవలసి ఉన్నది. ఇకపై సిలిండరు తీసుకొనేటప్పుడు ఆ గుర్తును చదవడం విద్యార్థులు అలవరచుకోవాలి.

ఒకనాడు మోసిన బరువును ఎల్లకాలం మోయగలమనుకోవడం మనిషికైనా, ఉక్కుకైనా భ్రమే. పాత్ర హద్దును తగ్గించి వ్రాసే ఇంజనీరును ఉత్పత్తికి అడ్డుపడేవాడుగా చూసే యజమానులుంటారు. కాని బ్రాక్టనులో ఆ ఉదయం పనికి వెళ్లి తిరిగిరాని 58 మందిని తలచుకొంటే, 1.5ను కొట్టివేసి 1.3 అని వ్రాసిన ఆ చేతి విలువ ఎంతటిదో అర్థమవుతుంది.