తలాక్ కాగితం చేతికొస్తే చాలా?

ఎల్లారెడ్డి నుంచి ఒక చెల్లెలు ప్లాస్టిక్ కవరులో మడిచిన స్టాంపు పేపరు పట్టుకుని కామారెడ్డి బస్సెక్కిందనుకుందాం. భర్త గల్ఫ్‌లో ఉన్నాడు. పోస్టులో వచ్చిన ఆ కాగితంలో మూడుసార్లు తలాక్ అని రాసి ఉంది, కింద నోటరీ ముద్ర. ఇంట్లోవాళ్లు ఏడ్చి ఊరుకున్నారు. ఇద్దత్ లెక్కపెట్టి, మరో సంబంధం చూస్తున్నారు. మనం భయపడాల్సింది ఇక్కడే.

ఆ కాగితంతో పెళ్లి రద్దు కాలేదు. ఒకేసారి చెప్పే మూడు తలాక్‌లు చెల్లవని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 22న తీర్పు ఇచ్చింది. నోటితో చెప్పినా, రాసినా, ఫోనులో పంపినా అది చెల్లదనీ, నేరమనీ 2019 నాటి చట్టం అంటోంది. భర్తకు మూడేళ్ల దాకా జైలు పడవచ్చు. అయితే ఇందులో మరో సంగతి ఉంది. చట్టం దృష్టిలో ఆమె ఇంకా అతని భార్యే. ఆ స్థితిలో రెండో నికా చేస్తే అది నిలవదు సరికదా, కేసు ఆమె మీదే పడవచ్చు. స్టాంపు పేపరు రుసుము కట్టినట్టు చెబుతుంది, నోటరీ ముద్ర సంతకం ఎవరిదో చెబుతుంది. అంతే.

తలాక్‌కు తగిన కారణం ఉండాలనీ, అంతకుముందు ఇరువైపులా మధ్యవర్తులతో రాజీ ప్రయత్నం జరగాలనీ సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. మనకిది కొత్త మాట కాదు. చెరో కుటుంబం నుంచి ఒక మధ్యవర్తిని పెట్టమని అన్నిసా సూరా, ఇద్దరు సాక్షులుండాలని అత్తలాఖ్ సూరా ఎప్పుడో చెప్పాయి. మన పంచాయితీల్లో మాత్రం నాలుగు గంటలు వాదించుకుని, చాయ్ తాగి లేచిపోతారు. ఒక్క ముక్క రాయరు! తేదీ, వచ్చిన పెద్దల పేర్లు, ఏమనుకున్నారో రాసి సంతకాలు తీసుకోండి. రేపు కోర్టు అడిగేది దాన్నే.

అన్నిటికన్నా ముందు కావలసింది నికానామా. అది పోతే నికా చదివిన ఖాజీ దఫ్తర్‌లో నకలు అడగాలి. హైదరాబాద్ హజ్ హౌస్‌లోని వక్ఫ్ బోర్డు ఖజాత్ విభాగం ధ్రువపత్రం ఇస్తుంది. మెహర్ ఎంతో అందులోనే తేలుతుంది. కామారెడ్డి జిల్లా ఏర్పడిన 2016 అక్టోబరు 11కు ముందు కాగితాల్లో నిజామాబాద్ జిల్లా అని ఉంటుంది. అది తప్పు కాదు, దిద్దించకండి. ఖాజీ నమోదు చేస్తారే గానీ తీర్పు చెప్పరు. 1880 నాటి ఖాజీల చట్టం వారికి న్యాయాధికారం ఇవ్వలేదు.

భార్యే విడిపోదలిస్తే ఖులా ఉంది. భర్త ఒప్పుకోలేదని, ముఫ్తీ ఖులానామా ఇవ్వలేదని ఏళ్ల తరబడి వేలాడిన అక్కచెల్లెళ్లున్నారు. ఖులాకు భర్త సమ్మతి అవసరం లేదని, ముఫ్తీ పత్రం తప్పనిసరి కాదని తెలంగాణ హైకోర్టు 2025 జూన్ 24న తేల్చింది. రాజీ ప్రయత్నం జరిగిందా, మెహర్ తిరిగి ఇస్తానందా అన్నవి చూసి ఫ్యామిలీ కోర్టు త్వరగా తేల్చాలంది.

భర్త రెండేళ్లు పోషించకపోయినా, నాలుగేళ్లు ఆచూకీ లేకపోయినా 1939 నాటి చట్టం కింద కోర్టులో రద్దు కోరవచ్చు. ఆచూకీ లేని భర్త కేసులో అతని వారసుల పేర్లు, చిరునామాలు ఇవ్వాలి. వారసులు కాకపోయినా అతని తండ్రి సోదరుణ్ణి, అతని సోదరుణ్ణి, ఉంటే, కేసులో చేర్చాలి. డిక్రీ వచ్చినా ఆరునెలల దాకా అమలు కాదు. ఆలోగా అతను వచ్చి కాపురం చేస్తానంటే రద్దు కావచ్చు. మెహర్ హక్కు మాత్రం ఎక్కడికీ పోదు.

ఇక భరణం. తెలంగాణ నుంచే వెళ్లిన కేసులో, విడాకులు పొందిన ముస్లిం మహిళకూ సాధారణ చట్టం కింద భరణం కోరే హక్కుందని సుప్రీంకోర్టు 2024 జూలై 10న చెప్పింది. హైకోర్టు నెలకు 10 వేలుగా నిర్ణయించిన మధ్యంతర భరణాన్ని వద్దన్న భర్త అప్పీలు కొట్టేసింది.

వకీలు ఖర్చుకు భయపడి ఆగిపోయేవాళ్లు ఎందరో. ఆదాయం ఎంతున్నా మహిళకు ఉచిత న్యాయసహాయం 1987 చట్టమిచ్చిన హక్కు. కామారెడ్డిలో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది, ఫోనైతే 15100. వెళ్లేటప్పుడు నికానామా, ఆధార్, పిల్లల జనన ధ్రువపత్రాలు, పెళ్లిసామాను జాబితా, పోస్టులో వచ్చిన ఆ స్టాంపు పేపరు, దాని కవరు కూడా తీసుకెళ్లండి. కవరు మీద తేదీ ముద్ర ఉంటుంది. ఎవరడిగినా జిరాక్సే ఇవ్వండి. అసలు కాగితాలు మీ బీరువాలోనే ఉండనివ్వండి.